లోహభస్మములు – పరధాతువులు – కిరణములు

నాగర్‌కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱచెల్కల నెఱుగనివారు మనలో నుండరు. ఆ యెఱుపు ఇనుము ప్రాణవాయువుతో కూడుటచే కలిగినది. లోహమును ప్రాణవాయువును కలియగా నేర్పడు పదార్థమును శాస్త్రజ్ఞులు ఆక్సైడు అందురు. ఇట్టి పదార్థముల గుణములు రెండు కారణములచే మాఱుటను గూర్చి నేడు మనవి చేసెదను: ఒకటి పరధాతువు చేరుట, రెండవది కిరణముల తాకిడి.

మొదటిదానికి కురువిందము నిదర్శనము. అది అల్యూమినియము ఆక్సైడు. శుద్ధమైనచో దానికి రంగు లేదు. అల్యూమినియపు పరమాణువులలో కొలదిపాటి స్థానములను క్రోమియము ఆక్రమించినచో కెంపగును. ఇనుమును టైటానియమును చేరినచో నీలమగును. శిల యొక్కటియే, వెలుతురును గ్రహించు తీరు మాత్రము మాఱినది. ఇట్లు బుద్ధిపూర్వకముగా పరధాతువును చేర్చుటకే డోపింగు అని పేరు.

రెండవదానికై మన అమ్రాబాదు పీఠభూమిని తలపవలెను. ఆ నల్లమల ప్రాంతమున ప్రభుత్వము యురేనియమును అన్వేషించినది. యురేనియము ఆక్సైడు తన్ను తానే తాకుకొను పదార్థము. దానిలోని పరమాణువొకటి ఆల్ఫాకణమును విడిచినపుడు, ఎదురుదెబ్బకు చుట్టునున్న వందలకొలది పరమాణువులు స్థానభ్రంశము నొందును. వానిలో పెక్కు మరల కుదురుకొనుటచే శిల నిలుచుచున్నది. అయినను యురేనియములో సగము సుమారు 450 కోట్ల సంవత్సరములకు సీసముగా మాఱును. అనగా ఆ శిల పరధాతువును గూడ తనలోనే పుట్టించుకొనుచున్నది.

1971లో స్థాపితమైన హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో ఈ ఆక్సైడునే బిళ్లలుగా చేయుదురు. అణుయంత్రమున అవి విచ్ఛిత్తికి లోనై, లోపల వాయుబుద్బుదములు పుట్టి ఉబ్బును. వేడిని ప్రసరింపజేయు శక్తి తగ్గును. కొన్ని దేశములలో వీనికి క్రోమియము ఆక్సైడును స్వల్పముగా చేర్చుచున్నారు. అందుచే బిళ్లలోని స్ఫటికములు పెద్దవై, వాయువు బయటపడుటకు ఆలస్యమగును. కెంపునకు వన్నె నిచ్చిన క్రోమియమే యిచట కాపుదలకు వచ్చినది.

మనకు ముఖ్యమైన మార్పు మఱియొకటి కలదు. భూగర్భమున గాలి సోకని యురేనియము ఆక్సైడు నీట కరుగుట మిక్కిలి అరుదు. త్రవ్వి పొడి చేసి గాలికి విడిచినచో, అధికముగా ప్రాణవాయువును గ్రహించి నీట కరుగు రూపమునకు మాఱును. 2019లో చెంచులును గ్రామస్థులును త్రవ్వకమును ప్రతిఘటించినపుడు వారి భయములలో నీటిని గూర్చినదియు నొకటి గదా! ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభయు త్రవ్వకమునకు వ్యతిరేకముగా తీర్మానించినది. ఆ భయమునకు రసాయనశాస్త్రమున ఆధారము కలదని శ్రోతలు గ్రహింతురు గాక.