పెరట్లో ఈతకొలను: తవ్వే ముందు తేల్చుకోవలసినవి

ఎండలు ముదిరేసరికి మన డాలస్ ప్రాంతంలో చాలా ఇళ్ళల్లో వినిపించే మాట ఒకటుంది: "మనం కూడా పెరట్లో పూల్ కట్టిద్దామా?" నేను పూల్ బిల్డర్ని కాను, ఐటీ కన్సల్టెంట్‌ని. మా వృత్తిలో ముందు అవసరాలు రాసుకుని, తర్వాతే ప్రోగ్రాం మొదలుపెడతాం. పూల్‌కీ అదే వరస పనికొస్తుంది. ఆకారం, టైల్ రంగు, జలపాతం తర్వాత చూడొచ్చు. ముందు తేల్చుకోవలసినవి మూడు: స్థలం, కంచె, డబ్బు.

మొదట స్థలం. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితం బయటికి తీయండి. అందులో యుటిలిటీ ఈజ్‌మెంట్ అని గీసి ఉన్న పట్టీలో సాధారణంగా పూల్ కట్టనివ్వరు. సిటీ పర్మిట్ వేరు, హెచ్ఓఏ అనుమతి వేరు. ఒకటి వస్తే రెండోది వచ్చినట్టు కాదు. తవ్వకానికి ముందు 811కి ఫోన్ చేయించండి. భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడ పోతున్నాయో ఉచితంగా గుర్తులు పెడతారు. ఇంకో సంగతి, ఇక్కడ చాలా చోట్ల ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఆ కదలికకు తట్టుకునేలా ఇనుము ఎంత వేస్తున్నారో, మట్టి పరీక్ష చేయించారో లేదో బిల్డర్‌ని అడగండి.

రెండోది కంచె. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్ళలో మునిగిపోవడమేనని సీడీసీ చెబుతోంది. మునిగే పిల్లలు సినిమాల్లోలాగా కేకలు వేయరు, చప్పుడు కాదు. "మా పెరటికి ఫెన్స్ ఉందిగా" అంటారు. అది పక్కింటి పిల్లల్ని ఆపుతుంది. మన పిల్లలు వచ్చేది వంటింటి పక్క తలుపులోంచి. అందుకని ఇంటికీ నీళ్ళకీ మధ్య కూడా కంచె రావాలి: నాలుగు వైపులా, కనీసం 4 అడుగుల ఎత్తు, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు. మన ఊళ్ళో బావి తవ్వి గట్టు కట్టకుండా వదిలేస్తే పెద్దలు ఊరుకునేవారా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలకు గేటు సంగతి మొదటి రోజే చెప్పండి. పార్టీలప్పుడు "అందరూ అక్కడే ఉన్నారు కదా" అంటే ఎవరూ చూడటం లేదనే అర్థం. ఫోన్ పక్కన పెట్టి, 15 నిమిషాలకొకరు చొప్పున వంతులు వేసుకోండి.

అడుగున ఉండే డ్రెయిన్ లాగే బలానికి పెద్దవాళ్ళే తట్టుకోలేరు. 2002లో వర్జీనియాలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప అలాగే చనిపోయింది. ఆ పాప పేరు మీద 2007లో ఫెడరల్ చట్టం వచ్చింది. ఆ ప్రమాణానికి సరిపోయే మూతలు, దూరంగా రెండు డ్రెయిన్లు అడగండి. మూత విరిగితే బాగుచేసేదాకా ఎవరినీ నీళ్ళలోకి దిగనివ్వకండి.

మూడోది డబ్బు. మూడు చోట్ల కొటేషన్లు తీసుకోండి. మూడింటిలోనూ కంచె ఖర్చు విడిగా రాసి ఉండాలి. లేకపోతే చివర్లో డబ్బు చాలక "వచ్చే ఏడు చూద్దాం" అనేది దాన్నే. తవ్వకం, ఇనుప కడ్డీలు, గునైట్ కాంక్రీటు, టైల్, ప్లాస్టర్, ఇలా దశలు ఉంటాయి. పూర్తయిన దశకే డబ్బివ్వండి. బిల్డర్ కింద పనిచేసేవాళ్ళకు డబ్బు అందకపోతే మీ ఇంటి మీద లీన్ వేయవచ్చు. కాబట్టి చెల్లించిన ప్రతిసారీ లీన్ రిలీజ్ కాగితం తీసుకోండి. గునైట్ వేశాక, మన స్లాబుకి పట్టినట్టే, బిల్డర్ చెప్పినన్ని రోజులు నీళ్ళు పట్టాలి.

తర్వాత నెలనెలా ఖర్చు. 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, సగటున 5 అడుగుల లోతు అంటే దాదాపు 16,800 గ్యాలన్లు. ఆ నీళ్ళన్నీ రోజూ వడకట్టాలి. వేరియబుల్ స్పీడ్ పంపు వేగం సగానికి తగ్గిస్తే అది తీసుకునే కరెంటు దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. క్లోరిన్, యాసిడ్ మాత్రం ఎప్పుడూ ఒకచోట ఉంచకండి; కలిస్తే విషవాయువు పుడుతుంది.

బిల్డర్ మొదటి డ్రాయింగ్ తెచ్చినప్పుడు ముందు కంచె గీత కోసం వెతకండి. అది కనిపించాకే సంతకం పెట్టండి.