నల్లమల నిప్పుకు ఎందరు కాపలా?

మాఘం దాటితే నల్లమల ఆకు రాల్చేస్తుంది. రాలిన టేకు ఆకు అప్పడంలా ఎండి, కాలు పడితే ఫెళఫెళమంటుంది. వానలు బాగా కురిసిన ఏడాది మనిషెత్తు పెరిగిన బోద గడ్డి వేసవికి ఎండి నిలువునా నిలబడుతుంది. రైతు మురిసిన వానే మరుసటి వేసవిలో అడవికి గండమవుతుంది. ఇక ఒక్క బీడీ ముక్క చాలు.

ఈ నిప్పు తనంతట తాను పుట్టడం అరుదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చేవాళ్లున్నారు. కొత్త గడ్డి మొలుస్తుందని ఎండుగడ్డికి అంటించే కాపర్లున్నారు. తేనెపట్టుకు పొగ పెట్టి అలాగే వదిలేసేవాళ్లూ ఉన్నారు.

మంటను ఆకాశం నుంచీ కనిపెడతారు. ఉపగ్రహ సమాచారాన్ని హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అందుకుంటుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని అడవి పటాలతో సరిచూసి, ఏ బీట్‌లో మంట ఉందో తేల్చి అక్కడి సిబ్బందికి ఫోన్ సందేశం పంపుతుంది. 2004లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు బాగా పదునెక్కింది. అయినా విఐఐఆర్ఎస్ అనే పరికరం చూపే ఒక్క చుక్క 375 మీటర్ల చదరం, అంటే దాదాపు 35 ఎకరాలు. పైగా ఆ పరికరం ఉన్న ఉపగ్రహం దాటేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో ఇంకోసారి. సాయంత్రం నాలుగింటికి లేచిన మంటను అది వెంటనే పట్టలేదు. కొండ మీది పొగను ముందుగా చూసేది గూడెంలోని చెంచు మనిషే.

ఆర్పేదీ చాలాసార్లు ఆ మనిషే. ఫైరింజన్ రోడ్డు దాకా వస్తుంది, కొండ ఎక్కదు. బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా ఉన్న చెంచులు పచ్చి కొమ్మ విరిచి మంట అంచు పట్టుకుని నడుస్తారు. కొమ్మను పైకెత్తి బాదితే నిప్పురవ్వలు వెనక గడ్డిలో పడతాయి. అందుకే కొట్టి, అదిమి, కాలిన వైపుకు ఈడుస్తారు. ఇప్పుడు ఆకులు ఊదే బ్లోయర్లు వచ్చాయి, పని తేలికైంది. గాలి తిరిగితే మాత్రం ఎదురు మంట పెట్టాలి. ఎక్కడ పెట్టాలో, ఏ వాగు దగ్గర మంట ఆగుతుందో చెప్పడానికి ఆ నేల తెలిసిన మనిషి కావాలి.

నిప్పుకు జిల్లా ఎల్లలు తెలియవు. 2022లో నంద్యాల కొత్త జిల్లా అయ్యాక శ్రీశైలం, ఆత్మకూరు అడవులు అటు వెళ్లాయి. కొండ దాటితే మార్కాపురం వైపు, కృష్ణ దాటితే తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు కూడా ఈ అడవి మధ్యలోంచే వెళ్తుంది. ఎన్ని శాఖలకు ఈ అడవిలో పని ఉందో, అన్నిటికీ ఆ నిప్పులో బాధ్యత ఉంది.

అందరూ కలవగలరనడానికి రుజువు మన కళ్ల ముందే ఉంది. శివరాత్రికీ ఉగాదికీ వేలాది మంది భక్తులు, వారిలో కన్నడ యాత్రికులు ఎందరో, వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి నడుస్తారు. అడవి ఎండిన కాలం అదే. ఆ రోజుల్లో దేవస్థానం, అటవీ శాఖ, పోలీసులు, రెవెన్యూ, వైద్య సిబ్బంది అంతా ఒకే దారి మీద కనిపిస్తారు. జాతర ముగియగానే ఎవరి దారి వారిది. వేసవి మాత్రం ఇంకా రెండు నెలలు మిగిలే ఉంటుంది. నా గట్టి అభిప్రాయం ఇదే: ఆ కూడిక జూన్ తొలకరి దాకా విడిపోకూడదు.

ఆలస్యంగా కలిస్తే ఏమవుతుందో 2014 మార్చిలో శేషాచలం చూపింది. తిరుమల కొండల్లో మంటలు చెలరేగితే అటవీ సిబ్బందీ దేవస్థానమూ అగ్నిమాపక దళమూ చాలక, వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది. పొడి కాలానికి ముందే గడ్డి చెక్కి, కాల్చి తీసే ఫైర్ లైన్లు ఎంత పనికొస్తాయో, వాటికి డబ్బు వేళకు అందడం ఎంత అవసరమో ఆ వారం తెలిసింది.

కడప వైపు లంకమల కొండల దిగువన పొదల అడవి ఉంది. అంతరించిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో మళ్లీ కనబడింది అక్కడే. నేల మీదే బతికే పక్షి అది. దాని ఇల్లు ఆ పొదలే, అవి కాలితే దానికి నీడ ఉండదు. పక్కనే ఎర్రచందనం కొండలు. దొంగలను పట్టడానికి పోలీసులూ అటవీ సిబ్బందీ కలిసి ఒకే దళంగా తిరగడం అక్కడ నేర్చుకున్నారు. రాత్రిళ్లు అడవిలో తిరిగే ఆ కళ్లకు దుంగతో పాటు పొగ కూడా కనబడుతుంది. ఆ కబురు వెంటనే అందుకునే ఫోను ఒకటి అవతలి కొండ బేస్ క్యాంపులోనూ, ఇవతలి చెంచు గూడెంలోనూ మోగాలి. ఎందుకంటే కొమ్మ విరుచుకుని ముందు నడిచేది వాళ్లే.