దోసె చెయ్యి పాన్‌కేక్‌కు పనికిరాదు

పోయిన వేసవిలో మా అమ్మాయి పిల్లలతో డాలస్ నుంచి కర్నూలు వచ్చింది. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు. సూట్‌కేసులో చాక్లెట్లతో పాటు రెండు పాన్‌కేక్ పిండి ప్యాకెట్లు కూడా తెచ్చుకుంది. "పొద్దున పూట వీడు ఇది తప్ప ఇంకేమీ ముట్టడు అబ్బా" అంటూ వాటిని వంటింటి అల్మారాలో పెట్టింది. నాకు నవ్వొచ్చింది. మైదా, పంచదార, చిటికెడు ఉప్పు! వీటిని సముద్రాలు దాటించి తేవాలా అనుకున్నాను.

నాలుగో రోజు ఉదయమే ఆమె వాళ్ళ అమ్మీని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. చిన్నదాన్ని కూడా వెంటబెట్టుకుంది. ఇంట్లో మిగిలింది పెద్దవాడు, నేను. వాడికి తెలుగు రాదు. ఉర్దూ అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తాడు. ముప్పై ఏళ్ళు పరాయి పిల్లలకు చదువు చెప్పిన నేను సొంత మనవడితో నాలుగు మాటలు కలపలేక నాలుగు రోజులుగా లోలోపల మథనపడుతున్నాను. వాళ్ళ సెలవు మూడు వారాలే. వాడికి ఇష్టమైనది ఇవాళ నా చేత్తో చేసి పెడితే దగ్గరవుతాడు కదా అని వంటింట్లోకి నడిచాను.

ప్యాకెట్ మీద ఒక కప్పు పిండికి ముప్పావు కప్పు నీళ్ళు అని ఉంది. టీ కప్పుతో పిండి కొలిచాను. నీళ్ళు మాత్రం గ్లాసుతో, కంటి అంచనాతో పోశాను. పిండి పలచనైపోతే ఇంకొంచెం పిండి వేశాను. ఉండలు కట్టింది. ఒక్క ఉండ కూడా మిగలకుండా పది నిమిషాలు గరిటెతో గిలక్కొట్టాను. దోసెల పెనం పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి, ఉల్లిపాయ ముక్కను నూనెలో ముంచి పెనమంతా రుద్దాను. గరిటెడు పిండి వేసి గుండ్రంగా తిప్పాను.

పైన నల్లగా మాడింది, లోపల పచ్చిగా ఉంది. తుంచితే రబ్బరులా సాగింది. పైగా ఉల్లిపాయ వాసన! వాడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని "గుడ్, నానాజాన్" అన్నాడు. మిగిలింది కాగితం రుమాలు కింద దాచాడు. నేను చూడలేదనుకున్నాడు పాపం.

సాయంత్రం సంగతంతా విని మా అమ్మాయి కడుపుబ్బ నవ్వింది. ఆ తర్వాత ఒక మాట అంది: "అబ్బా, పిండిలో తప్పేమీ లేదు. మీరు దోసె చేశారు." ఆ మాటలోనే అంతా ఉంది. మన ఇళ్ళల్లో ఈ ప్యాకెట్లు కొన్నవాళ్ళు చాలామంది ఒకసారి చేసి, బాగా రాలేదని మూలన పడేయటానికి కారణం కూడా అదే. మన చేతికి తరతరాలుగా దోసె అలవాటు. ఆ అలవాటులో ప్రతి ఒక్కటీ పాన్‌కేక్‌కు అడ్డమే.

మొట్టమొదట కలపటం చూడండి. దోసె పిండిని ఎంత గిలక్కొడితే అంత మంచిది. అందులో ఉండేది బియ్యం, మినపప్పు. పాన్‌కేక్ పిండిలో ఉండేది గోధుమ మైదా. మైదా తడిసి, చెయ్యి పడిన కొద్దీ అందులోని గ్లూటెన్ అనే జిగురు తీగలు తీగలుగా అల్లుకుంటుంది. పరోటా మాస్టరు ముద్దను బల్ల మీద బాదేది ఆ సాగుడు కోసమే. పాన్‌కేక్‌కు ఆ సాగుడే శత్రువు. అందుచేత పొడి పిండి కనపడకుండా పోయేదాకా, అంటే పదిహేను ఇరవై తిప్పులు తిప్పి గరిటె పక్కన పెట్టేయాలి. చిన్న చిన్న ఉండలు ఉంటే ఉండనివ్వండి. నేను నమ్మలేదు గాని, కాలేటప్పటికి అవి నిజంగానే కలిసిపోతాయి.

ఇక నానబెట్టటం. మా ఇంటావిడ పొద్దున పని తేలికవుతుందని ఒకరోజు రాత్రే ఈ పిండి కలిపి పెట్టింది. తెల్లవారి వేస్తే అప్పడాల్లా వచ్చాయి. దోసె పిండిని పొంగించేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి రాత్రంతా పనిచేస్తాయి. ప్యాకెట్ పిండిని పొంగించేది వంటసోడా, దాంతోపాటు కలిపిన పుల్లని లవణాలు. తడి తగలగానే ఒక విడత గాలి పుడుతుంది, పెనం వేడి తగిలాక ఇంకో విడత. అంతకు మించి రాదు. కాబట్టి కలిపాక అయిదు నుంచి పది నిమిషాలు ఆగాలి. ఆ వ్యవధిలో పిండి నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. ఆ తర్వాత మళ్ళీ కలపకుండా, ఆలస్యం చేయకుండా వేసేయాలి.

కొలత విషయంలో నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. అమెరికా ప్యాకెట్ మీద రాసే కప్పు మన టీ కప్పు కాదు. అది సుమారు 240 మిల్లీలీటర్లు. మన టీ కప్పు చాలావరకు అందులో సగం ఉంటుంది. ఇంట్లో ఏ కప్పు ఉన్నా ఫరవాలేదు, పిండికీ పాలకూ అదే కప్పు వాడితే చాలు. పిండి గరిటె నుంచి మెల్లగా, ధారగా జారాలి. దోసె పిండికన్నా చిక్కగా, బజ్జీల పిండికన్నా కాస్త పలచగా ఉంటే సరి.

ప్యాకెట్లు రెండు రకాలు. ఒక రకానికి నీళ్ళు పోస్తే చాలు, పాలపొడి అందులోనే ఉంటుంది. రెండో రకానికి పాలు, గుడ్డు, నూనె మనమే వేసుకోవాలి. మా అమ్మాయి తెచ్చింది మొదటి రకం. కానీ ఆమె ఎన్నడూ నీళ్ళతో చేయదట. ఒక అమెరికా కప్పు పిండికి ఒక గుడ్డు, అరకప్పు కంటే కాస్త ఎక్కువ పాలు, కరిగించిన వెన్న ఒక పెద్ద చెంచా. గుడ్డులో తడి ఉంటుంది కనుక పాలు ఆ మేరకు తగ్గించాలి. ముందు గుడ్డు, పాలు, వెన్న విడిగా కలిపి, తర్వాతే పిండిలో పోయాలి. లేకపోతే గుడ్డు కలవటం కోసం పిండిని అతిగా తిప్పాల్సి వస్తుంది. ఇంకా గుల్లగా కావాలంటే తెల్లసొన విడిగా నురగ వచ్చేలా గిలక్కొట్టి చివర్లో మెల్లగా కలపవచ్చు. పండుగ రోజుకు బాగుంటుంది. రోజూ అంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం.

అమెరికా వాళ్ళు మజ్జిగ పోస్తారని విని మన మజ్జిగ పోయకండి. వాళ్ళు దుకాణంలో కొనే మజ్జిగ చిక్కగా, పెరుగుకు దగ్గరగా ఉంటుంది. పుల్లటి పెరుగులో కొంచెం పాలు కలిపితే మనకు దాదాపు అదే వస్తుంది. పులుపు మరీ ఎక్కువైతే చిటికెడు వంటసోడా వేసుకోవచ్చు.

సువాసనకు వాళ్ళు వెనిల్లా వేస్తారు. ఇక్కడ మన పాఠకులు ఒక సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో 'వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్' అనే పేరుతో అమ్మాలంటే అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలని అక్కడి నిబంధన. మా ఇంట్లో రెండు యాలకులు దంచి వేశాం. మనవడు అభ్యంతరం చెప్పలేదు. అలాగే ప్యాకెట్ వెనుక 'మోనో, డైగ్లిజరైడ్స్' అని కనపడితే, అవి మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. హలాల్ ముద్ర గాని, మొక్కల మూలం అన్న మాట గాని ఉందేమో చూసుకుని కొనాలి. మన దేశంలో తయారైన ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే అందులో కోడిగుడ్డు పొడి కూడా లేదని అర్థం.

ఇప్పుడు పెనం. దోసె పెనాన్ని దీనికి వాడవద్దు. ఏళ్ళ తరబడి ఉల్లిపాయ, కారం తాగిన ఇనుము అది. వేరే మందపాటి పెనమో, నాన్-స్టిక్ పెనమో పెట్టి సన్నని సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేడి కానివ్వాలి. నీటి చుక్క వేస్తే అది ఒకటి రెండు క్షణాలు చిందులేసి ఆవిరైపోవాలి. పడీపడగానే మాయమైతే వేడి ఎక్కువైందన్నమాట. ఈ పిండిలో పంచదార ఉంటుంది. పెద్ద మంటకు అది ముందే మాడుతుంది, లోపల మాత్రం పచ్చిగా ఉండిపోతుంది. నాకు జరిగింది అదే. నూనె కూడా నాలుగు చుక్కలు వేసి గుడ్డతో తుడిచేయాలి. అప్పుడే పైన ఒకే రంగు వస్తుంది.

గరిటెతో పోయండి గాని తిప్పకండి. పావు కప్పు పిండి ఒకేచోట పోస్తే అదే తన దారిన జానెడు కంటే తక్కువ వెడల్పున పరుచుకుంటుంది. రెండు నిమిషాల్లో పైన బుడగలు వస్తాయి. వచ్చిన వెంటనే తిప్పకూడదు. అంచుల దగ్గర బుడగలు పగిలి, ఆ చిల్లులు పూడకుండా అలాగే నిలిచినప్పుడు, అంచు తడి ఆరినప్పుడు, అట్లకాడతో ఒకేసారి తిప్పాలి. రెండో వైపు ఒక నిమిషం చాలు. అట్లకాడతో నొక్కటం మనకు అలవాటు. నొక్కితే లోపలి గాలంతా పోయి చపాతీ అవుతుంది.

చేసినవాటిని హాట్‌ప్యాక్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి మూత వేయటం మరో పొరపాటు. వాటి ఆవిరికే అవి తడిసి ముద్దవుతాయి. జల్లెడ బోర్లించి దాని మీద విడివిడిగా ఆరబెట్టండి. అన్నిటికన్నా మేలు, పెనం మీది నుంచి నేరుగా పిల్లవాడి పళ్ళెంలోకి వేయటం. చేసేవాళ్ళు చివరన తింటారు, అంతే.

మా అమ్మాయి ఈ పాఠం చెబుతున్నప్పుడు నాకు మదర్సాలో చదువుకున్న రోజుల్లో అరబీ పుస్తకాల్లో తగిలిన ఖతాయిఫ్ గుర్తొచ్చింది. పదో శతాబ్దంలో ఇబ్నె సయ్యార్ అల్ వర్రాఖ్ బాగ్దాదులో కూర్చిన వంటల గ్రంథంలోనే ఆ పేరు ఉంది. నేటికీ ఈజిప్టు, షామ్ ప్రాంతాల్లో రమజాన్ వచ్చిందంటే వీధుల్లో పోసి అమ్ముతారు. ఒకవైపే కాల్చి, బుడగల చిల్లులున్న వైపును లోపలికి పెట్టి, గింజలో మీగడో నింపి మడుస్తారు. మన మాల్‌పువా కూడా ఆ బంధువర్గంలోనిదే. కాబట్టి పాన్‌కేక్‌ను మరీ పరాయిదిగా చూడనక్కర్లేదు.

ప్యాకెట్ పిండి మాత్రం అమెరికా వాళ్ళదే. 1889లో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ అనే ఊళ్ళో ఇద్దరు మిల్లు యజమానులు పిండి అమ్ముడుపోక, అందులో పొంగే పొడి ముందే కలిపి అమ్మే ఉపాయం కనిపెట్టారు. దాని ప్రచారానికి 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో పాన్‌కేకులు పోసి చూపించింది నాన్సీ గ్రీన్ అనే నల్లజాతి మహిళ. ఆమె కెంటకీలో బానిసగా పుట్టింది. 'ఆంట్ జెమైమా' అనే పేరు పెట్టి, ఇంటి పనిమనిషి బొమ్మతో ఆ ప్యాకెట్‌ను శతాబ్దానికి పైగా అమ్ముకున్నారు. అవమానకరమైన ఆ పేరూ బొమ్మా 2021లో తొలగిపోయాయి. ప్యాకెట్ మీద ఆమె అసలు పేరు మాత్రం ఎన్నడూ ప్రధానంగా కనపడలేదు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

మా రెండు ప్యాకెట్లూ పది రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత మా అమ్మాయి క్యాలెండరు వెనుక రాసి ఇచ్చిన లెక్కతో ఇంట్లోనే కలిపాం: ఒక అమెరికా కప్పు మైదా, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, ఒక పెద్ద చెంచా పంచదార, పావు చిన్న చెంచా ఉప్పు. జల్లించి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి. వానాకాలంలో తడి తగిలితే బేకింగ్ పౌడర్ చచ్చిపోతుంది. అనుమానముంటే ఒక చెంచా పిండి మీద వేడి నీళ్ళు పోసి చూడండి, నురగ రాకపోతే ఆ పిండితో ప్రయాస వద్దు.

చివరి వారమంతా పొద్దున్నే వంటింట్లో స్టూలు మీద నిలబడి వాడు బుడగలు లెక్కపెట్టేవాడు. తిప్పాల్సిన వేళ వచ్చిందని నాకు వాడే చెప్పాలి, అది మా ఒప్పందం. మొదట్లో "నౌ!" అని అరిచేవాడు. వెళ్ళిపోయే ముందు రోజు మాత్రం నేను తొందరపడి అట్లకాడ ఎత్తితే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అభీ నహీ, నానాజాన్" అన్నాడు.