పసిబిడ్డకు వేసిన మందు ఎంత కాస్తోంది?

ఆర్‌ఎస్‌వీ వైరస్ చాలామంది పెద్దవాళ్లకు జలుబుతో పోతుంది. రెండు నెలల బిడ్డకు సోకితే ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు వాచిపోవచ్చు. అప్పుడు పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం, పాలు తాగలేకపోవడం మొదలవుతాయి. 2019లో ప్రపంచమంతటా లక్ష మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు దీనివల్ల చనిపోయారని అంచనా. వాళ్లలో దాదాపు సగం మందికి ఆర్నెల్లు కూడా నిండలేదు.

ఇప్పుడు గర్భిణికి వేసే టీకా ఉంది, బిడ్డకు నేరుగా వేసే నిర్సెవిమాబ్ ఉంది. ఈ రెండోది టీకా కాదు. తయారైన యాంటీబాడీలనే ఎక్కిస్తారు కాబట్టి నెలలు గడిచేకొద్దీ తరిగిపోతుంది.

మామూలు ఆస్పత్రుల్లో అది ఎంత కాస్తోందో తేల్చడం తేలిక కాదు. వేయించినవాళ్లనీ వేయించనివాళ్లనీ ఊరికే పోల్చలేం. ఖర్చుపెట్టి వేయించిన తల్లిదండ్రులు దగ్గు రాగానే ఆస్పత్రికీ వెళ్తారు. అందుకే పరిశోధకులు ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన పిల్లల్నే తీసుకుని, ముక్కులో స్వాబ్ పెట్టి, ఆర్‌ఎస్‌వీ తేలినవాళ్లనీ తేలనివాళ్లనీ పక్కపక్కన పెట్టి, ఎవరిలో ఎందరికి మందు పడిందో చూస్తారు. అమెరికాలో 2023-24 చలికాలంలో ఇలా చూశారు. ఆర్‌ఎస్‌వీ తేలిన 407 మందిలో మందు పడినవాళ్లు ఆరుగురే. తేలని 292 మందిలో 53 మంది. మరికొన్ని తేడాలు సరిచేశాక, ఆస్పత్రిపాలు కాకుండా 90 శాతం రక్షణ అని తేలింది. అయితే మందు పడ్డాక జబ్బు మొదలయ్యేదాకా గడిచిన కాలం మధ్యస్థంగా 45 రోజులే. ఐదో నెల సంగతి ఆ అంకె చెప్పదు.

ఇదే లెక్క బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కట్టాలంటే మొదటి చిక్కు పురిటి దగ్గరే వస్తుంది. ఇక్కడ ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాల్లో చాలామందికి పురుడు పుట్టింట్లోనే, గుంటూరులోనో కర్నూలులోనో. మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డను ఇక్కడి ఐటీపీఎల్ టెక్ పార్కు పక్క అపార్ట్‌మెంటుకు తీసుకొస్తారు. మందు అక్కడ, జబ్బు ఇక్కడ. జాతీయ టీకాల పట్టికలో లేని మందు కనుక తేదీ పుట్టింటి ఊరి ఆస్పత్రి ఫైల్లోనే ఉండిపోవచ్చు.

ఇక స్వాబ్. వైరస్ పేరు తెలిసినా వైద్యం పెద్దగా మారదు కాబట్టి చాలాచోట్ల ఆ పరీక్షే చేయరు. వైద్యానికి అది సబబే. కానీ స్వాబ్ తీయని బిడ్డ ఈ లెక్కలోకి రాదు. పైగా దక్షిణాదిలో ఈ వైరస్ ఎక్కువగా వానలతో విజృంభిస్తుంది. అమెరికా చలికాలపు క్యాలెండరు బెంగళూరుకు సరిపోదు.

మీకు గర్భంతో ఉండగా ఆ టీకా గానీ, బిడ్డకు ఈ మందు గానీ పడితే పేరు, తేదీ, ఊరు తల్లీబిడ్డల కార్డు మీద డాక్టరు చేత రాయించండి. బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే తెల్లారేదాకా ఆగకండి. ఆ కార్డు చేత పట్టుకునే ఆస్పత్రికి వెళ్లండి.