పండ్ల చక్రములు - పిల్లల గణితము

షోలాపూరు తెలుగు కుటుంబములలో మరమగ్గపు చప్పుడు విననివారు అరుదు. నాడె మగ్గమున క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి క్రింది షాఫ్టు ఒక్క చుట్టే తిరుగును. క్రింది చక్రమునకు పండ్లు రెండింతలుండుటయే ఇందుకు కారణము. అందుచేతనే నాడె ఒక పర్యాయము కుడినుండియు, మరుపర్యాయము ఎడమనుండియు పోవును. పెద్దలు చేతితో నేర్చిన ఈ లెక్కను పిల్లలు చేతితోను, పుస్తకముతోను కూడ నేర్వవలెనని మా అభిప్రాయము.

ఇందులకు ఉమ్మడి పనిశాల మంచి సాధనము. పుణె జిల్లా పాబల్ గ్రామమున డాక్టరు ఎస్. ఎస్. కల్‌బాగ్ గారు 1983లో స్థాపించిన విజ్ఞాన ఆశ్రమమునందు 2002లో ఇట్టి పనిశాల యొకటి ఏర్పడినది. అట్టి చోట్ల ప్లాస్టిక్కుతో పండ్ల చక్రములను చేయు విధమును క్లుప్తముగా తెలిపెదము.

మొదట పంటి కొలతను నిర్ణయింపవలెను. దీనికి మాడ్యూలు అని పేరు. జతపడు రెండు చక్రములకును ఇది సమానముగా నుండవలెను. లేనిచో పండ్లు కలియవు. మాడ్యూలును పండ్ల సంఖ్యచే గుణించినచో చక్రము యొక్క పిచ్ వ్యాసము వచ్చును. మాడ్యూలు 2 మిల్లీమీటర్లనుకొందము. 20 పండ్ల చక్రము వ్యాసము 40, 60 పండ్ల దాని వ్యాసము 120 మిల్లీమీటర్లు. ఈ రెండింటి మొత్తములో సగము, అనగా 80 మిల్లీమీటర్లు, ఇరుసుల నడిమి దూరము. చిన్నది మూడు చుట్లు తిరిగిన పెద్దది ఒక్క చుట్టు తిరుగును. వేగము తగ్గి, త్రిప్పు బలము పెరుగును.

అరిగిన చక్రమునకు బదులు చేయవలెనన్న, వెలుపలి వ్యాసమును పండ్ల సంఖ్యకు రెండు కలిపి భాగింపవలెను. 40 పండ్లుండి వ్యాసము 84 అయినచో, మాడ్యూలు 2 అగును.

పిమ్మట కంప్యూటరులో గీసిన బొమ్మను త్రీడీ ప్రింటరు పొరపై పొరగా పోయును. పీఎల్ఏ అను ప్లాస్టిక్కునకు ప్రింటరు ముక్కు సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడెక్కును. కావున పిల్లలచెంత పెద్దలుండుట అవసరము. పండ్ల నడుమ కొంచెము సందు విడువనిచో చక్రములు బిగుసుకొనును. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడును. అది ఆటవస్తువులకును, నమూనాలకును చాలును. ఒరిపిడి ఎక్కువగా నుండుచోట నైలాను మేలు. మగ్గపు ప్రధాన చక్రములకు మాత్రము ఇనుమే తగినది.

“చదువు మాని చేతిపనియా?” అని కొందరు తల్లిదండ్రులు శంకింపవచ్చును. ఇది చదువు మానుట కాదు. వ్యాసము, నిష్పత్తి, భాగహారము అను మాటలను మాతృభాషలో విని, చక్రమును తమ చేత త్రిప్పి చూచిన పిల్లలకు లెక్క కంఠస్థము చేయవలసిన పని యుండదు. తెలుగులో చదివినవానికి యంత్రవిద్య అందదను భయమును గూడ ఇట్టి పనియే తొలగింపగలదు.

మన పాఠశాలకును ఇట్టి పనిశాల యొకటి కావలెనని మా కోరిక. స్థలమును, పనిముట్లను పిదప చూచుకొనవచ్చును. వారమునకు రెండు గంటలు కుమారులతో పాటు కుమార్తెలను గూడ పంపుదుమను మీ మాట మాకు ముందుగా కావలెను. మగ్గము పని తెలిసినవారు వచ్చి ఒక్క పాఠము చెప్పినను, అది మాకు గొప్ప సహాయము.