రాత్రి వంట, వంకలు పెట్టు బిడ్డలు

సాయంకాలము దీపము వెలిగించిన పిమ్మట మన యిండ్లలో తప్పక వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఇయ్యాల ఏం కూర?" అడిగినది ఆరేండ్ల బిడ్డ. పుంటికూర పప్పని తల్లి చెప్పును. "నాకొద్దు" అని బిడ్డ యనును. అటుపిమ్మట బుజ్జగింపు, బెదిరింపు, కడకు పెరుగన్నము, అదియు కాదన్నచో అంగడినుండి తెచ్చిన పది రూపాయల పొట్లము. రాత్రి గడచిపోవును. మరునాటి రాత్రి మరల ఇదే వరుస. ఈ వరుసను గూర్చి మనము కొంచెము నిదానముగ ఆలోచింపవలసియున్నది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకుముందు వీనిలో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిదే గనుక వంట యించుమించుగ నొక్కటే: పప్పు, పచ్చిపులుసు, తొక్కు, జొన్నరొట్టె, చల్ల. వేరైనది వంటకు చిక్కు వేళ. జనగామలో ఉదయపు రైలుకు హైదరాబాదునకో వరంగల్లునకో పోయి చీకటిపడిన పిదప తిరిగివచ్చువారు కలరు. మహబూబాబాదు ప్రాంతమున మిరపకాయ యేరు దినములలో తల్లి పొద్దుగుంకువరకు చేనిలోనే యుండును. భూపాలపల్లిలో సింగరేణి గనికి పోవు తండ్రి షిఫ్టు మారినప్పుడెల్ల ఆ యింటి భోజనవేళయు మారును. ఈ మూడు చోట్లను పొయ్యి ముందర నిలుచున్న తల్లికి మిగులు వ్యవధి గంటయో, గంటన్నరయో. ఆ వ్యవధిలో పెద్దలకొక వంట, పిల్లలకొక వంట చేయుమనుట న్యాయము కాదు. మేము చెప్పదలచిన ఉపాయము సులభమైనది: వండునది ఒక్క కుండయే కావలెను; అందు కారము పడుటకు ముందు బిడ్డ వంతు తీసి యుంచవలెను.

ముందుగ బిడ్డ యేల వద్దనుచున్నాడో తెలిసికొందము. పుట్టినప్పుడు మూడు కిలోలుండు శిశువు ఏడాది నిండునప్పటికి ఇంచుమించు తొమ్మిది కిలోలగును. అటుపై ఏడాదికి రెండు, రెండున్నర కిలోలు మాత్రమే పెరుగును. పెరుగుదల మందగించినప్పుడు ఆకలియు తగ్గును. "నిరుడు ఇంతకంటె బాగా తినెడివాడు" అని తల్లులు చింతించుట కిదియే మూలము. దీనికి తోడు రెండవయేటి నుండి ఆరవయేటి వరకు క్రొత్త రుచి, క్రొత్త రంగు, క్రొత్త వాసన యనిన బిడ్డ వెనుకకు తగ్గును. ఇది మొండితనము కాదు. నడక నేర్చి, కనబడినదెల్ల నోట పెట్టుకొను ప్రాయమున విషపదార్థములనుండి ప్రకృతి యేర్పరచిన కాపుదల యని శాస్త్రజ్ఞుల తలంపు. తినవలసిన పరిమాణమును మనమనుకొనునంత కాదు. మూడేండ్ల బిడ్డకు మూడు పెద్ద చెంచాల కూర, నాలుగేండ్లవానికి నాలుగు, ఈ లెక్కతో మొదలిడిన చాలును; కావలసినచో బిడ్డయే మరల అడుగును.

అట్లని "పెరుగన్నముతో కడుపు నిండినది గదా" యని యూరకుండుటయు సరికాదు. పెరుగు మంచి ఆహారమే. అందు మాంసకృత్తులున్నవి, ఎముకలకు కావలసిన కాల్షియమున్నది. ఇనుము మాత్రము లేదనియే చెప్పవలెను. పాలిషు పట్టిన బియ్యమునందును అది అంతంతమాత్రమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల బియ్యమున ఇనుము ఒక మిల్లీగ్రాముకు లోపే. జొన్నలలో దాదాపు 4 మిల్లీగ్రాములు. రాత్రి వెంట రాత్రి పెరుగన్నమే తిను బిడ్డ చూచుటకు బొద్దుగ నుండవచ్చును, లోపల రక్తము పలుచబడుచుండును. 2019–21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణమున ఆరు నెలలు దాటిన అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికి నులిపురుగులు, జ్వరములు మున్నగు కారణములును కలవు. పాలిపోయిన బిడ్డను వైద్యునకు చూపవలసినదే. కాని రాత్రి పళ్లెములోనికి ఏమి రావలెనన్నది మన చేతిలోనిది.

ఇక కుండ సంగతి. పుంటికూర పప్పునే తీసికొందము. అయిదుగురున్న యింటికి 150 గ్రాముల కందిపప్పు కడిగి, వీలైనచో అరగంట నానబెట్టి, కుక్కరులో మూడు నాలుగు విజిల్లు రానీయవలెను. ఆకునుగాని చింతపులుసునుగాని మొదటనే వేయరాదు. పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు. పప్పు ఉడుకులోపల పుంటికూరను చెంచాడు నూనెలో వేరుగ మగ్గించి, ఉప్పు, పసుపు వేసి, ఉడికిన పప్పులో కలిపి ఎనుపవలెను. ఇచ్చట చేయి ఆపవలెను. ఇప్పటికి కుండలో పచ్చిమిరపకాయ లేదు, ఎండుకారము లేదు. బిడ్డలకు చాలినంత పప్పును గిన్నెలోనికి తీసి, దానిపై నేతితో జీలకర్ర, ఎల్లిగడ్డ పోపు పెట్టినచో అదియే వారి కూర. పెద్దల వంతులో నూనెలో వేయించి నూరిన పచ్చిమిరపకాయలను, ఎండుమిర్చి పోపును వారి నాలుక కోరినంత కలుపుకొనవచ్చును. అదనముగ పట్టినది అయిదు నిమిషములు, తోమవలసినది ఒక గిన్నె.

పులుపు హెచ్చని బిడ్డ మోము ముడిచినచో మొదటి కొన్ని దినములు పుంటికూర సగము, తోటకూర సగము వేయవచ్చును. పచ్చిపులుసును ఇట్లే విడదీయవచ్చును: చింతపండు రసములో ఉప్పు, బెల్లము, జీలకర్రపొడి, సన్నని ఉల్లిగడ్డ ముక్కలు వేసిన పిదప పిల్లల వంతు తీసి, మిగిలినదానిలో కాల్చిన మిరపకాయలను పిసుకవలెను. ముద్దపప్పుతో కలిపిన ఈ తియ్యని పులుసును కాదను బిడ్డలు తక్కువ. అనపకాయ, బీరకాయ కూరలలో మన ప్రాంతమున వేయు నువ్వులపొడి కారముకంటె ముందే పడవలెను. నువ్వులలో ఇనుమును కాల్షియమును రెండునుగలవు. కాకరకాయను గూర్చి మాత్రము బిడ్డతో యుద్ధము వలదు. దానిని మెచ్చనివారు పెద్దలలోనే పెక్కురు కలరు.

భోజనములో నిమ్మరసము పిండుటయో, టమాట వేయుటయో చేసినచో పప్పులోని, ఆకులోని ఇనుము ఒంటికి బాగుగ పట్టును. అన్నముతోపాటు గాని, అన్నము తినిన వెంటనే గాని త్రాగు టీ దానిని అడ్డగించును. పిల్లలకు చిన్న గ్లాసుతో టీ పోయు నలవాటు మన పల్లెలలో ఎక్కువ, మానుట మేలు.

కారమును గూర్చి మరియొక మాట. మిరపలో మంట పుట్టించు కాప్సైసిన్ అను పదార్థము నీటిలో కరుగదు, కొవ్వులో కరుగును. అందుచేతనే నోరు మండి యేడ్చు బిడ్డకు చెంబెడు నీళ్లు త్రాగించినను మంట చల్లారదు. చెంచాడు పెరుగో, నెయ్యి కలిపిన ముద్దయో చాలును. మిరపతోటలో దినమంతయు కాయలేరి వచ్చిన తల్లికి ఈ సంగతి మరింత అవసరము. ఆమె చేతులు రాత్రివరకు మండుచునే యుండును. ఆ చేతితో ముద్ద పెట్టినచో బిడ్డ పెదవులును మండును. ఉత్త నీటితో కడిగిన ప్రయోజనము లేదు. ముందు నూనె రాచి, బట్టతో తుడిచి, పిమ్మట సబ్బుతో కడుగవలెను. ఆ దినములలో బిడ్డ తన చేతితో తానే తినుట మంచిది. చుట్టు నాలుగు మెతుకులు చిందినను చిందనిండు.

ఒకమారు వద్దన్న కూరను "మా వాడు తినడు" అని వంటింటినుండి వెలివేయుట మన యలవాటు. అమెరికాలో లీయన్ బర్చ్ అను పరిశోధకురాలు తన సహచరితో కలిసి 1982లో ప్రకటించిన ప్రయోగములో, రెండేండ్ల పిల్లలకు క్రొత్త పదార్థములను కొన్నింటిని రెండుమార్లు, కొన్నింటిని ఇరువదిమార్ల వరకు రుచి చూపిరి. ఎన్ని యెక్కువమార్లు నోటికి తగిలిన అంత యెక్కువగ ఆ పదార్థముపై ఇష్టము కలిగినది. కావున వద్దన్న తోటకూరను మూడు నాలుగు దినములకొకమారు చెంచాడు మాత్రము పళ్లెమున నొక మూల వడ్డించి, దానిని గూర్చి మాటాడక యుండవలెను. తినుమని బ్రతిమాలరాదు, తినినచో బిస్కట్టు ఇత్తునని యాశ పెట్టరాదు. ఆశ పెట్టినచో కూర శిక్షయు, బిస్కట్టు బహుమానమునని బిడ్డ గ్రహించును. ఆకును మెత్తగా నూరి పిండిలో దాచిపెట్టు తల్లులును కలరు. అలసిన రాత్రికి అది చెల్లును గాని, దాగిన తోటకూరతో బిడ్డకు పరిచయము కలుగదు.

అయినచో బిడ్డ యిష్టమునకే విడువవలెనా? క్లారా డేవిస్ అను వైద్యురాలు 1926 మొదలు కొన్నేండ్లపాటు పాలు మాన్పిన పదునైదుగురు శిశువుల యెదుట ముప్పదికి పైగా పదార్థములుంచి, ఎవరికి నచ్చినది వారిని తిననిచ్చినది. ఒకడొకనాడు గుడ్లే తినెను, మరియొకడు అరటిపండ్లే తినెను. అయినను అందరును ఆరోగ్యముగ పెరిగిరి. ఈ కథను చెప్పువారు పెక్కురు ఒక సంగతిని విడిచిపెట్టుదురు. ఆ పళ్లెములో చక్కెర మిఠాయిలు లేవు, వేపుడు పొట్లములు లేవు. ఉన్నవన్నియు ధాన్యములు, కూరలు, పండ్లు, పాలు, మాంసము, గుడ్లు. ఈ కిటుకును డేవిసే స్వయముగ 1939లో చెప్పినది. ఏమి వడ్డించవలెనో పెద్దలు నిర్ణయింపవలెను. ఎంత తినవలెనో బిడ్డ నిర్ణయించును.

ఆ పొట్లముల సంగతి రాత్రి యెనిమిదింటికి కాక సాయంకాలము నాలుగింటికే తేల్చుకొనవలెను. బడినుండి వచ్చి ఉప్పుకారముల వేపుడు పొట్లము తినిన బిడ్డకు రాత్రి ఆకలి యెక్కడిది? ఆ వేళకు ఉడికించిన బబ్బెర్ల గుడాలు, మక్కకంకి, జామకాయ, పల్లీలు సిద్ధముగ నుండవలెను. నాలుగేండ్లలోపు పిల్లలకు పల్లీలను పొడిచేసియే పెట్టవలెను, గొంతున అడ్డుపడు ప్రమాదము గలదు. 2025 ఉగాది మొదలు రేషనుకార్డుపై సన్నబియ్యము వచ్చుచున్నది గనుక, అన్నము లావని అలుగు పిల్లలకు ఒక వంక తగ్గినది. ఆ వంకయు ఇప్పుడు కూరపైనికే వచ్చినది.

వారములో రెండు రాత్రులు అన్నమునకు బదులు జొన్నరొట్టె పెట్టవచ్చును. మహబూబాబాదు తండాలలో రొట్టె తట్టు తల్లులకు దీనిని నేర్పనక్కరలేదు. తక్కినవారు జొన్నపిండిని సలసల మరుగు నీటితో కలిపినచో రొట్టె విరుగదు. పెనముమీదనుండి దిగిన వేడిరొట్టెకు నెయ్యి, బెల్లము తోడైనచో మొదటి రొట్టె పోవును; రెండవదానికి పప్పు నంజుకొనుట తానే నేర్చును. సర్వపిండిని కాదను బిడ్డను మేమింతవరకు చూడలేదు. బియ్యపుపిండిలో నానిన శనగపప్పు, పల్లీలపొడి, నువ్వులు, కరివేపాకు, ఉప్పు వేసి, తురిమిన అనపకాయనో సన్నగ తరిగిన తోటకూరనో కలిపి ముద్ద చేయవలెను. పిల్లల ముద్ద తీసిన పిమ్మటనే కారము కలుపవలెను. నూనె రాచిన సర్వలో పలుచగ తట్టి, వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో నూనె చుక్కలు విడిచి, మూతపెట్టి సన్ననిసెగపై పావుగంట యుంచిన చాలును.

జనగామ జిల్లాలోని బమ్మెర పోతన యూరని ప్రతీతి. ఆయన భాగవతములో గోపబాలురు కృష్ణుని చుట్టు గుంపుగ కూర్చుండి, ఊరగాయలు నంజుకొనుచు, ఒకరి చలిది నొకరు లాగికొని తిను ఘట్టము తెలియని తెలుగువారుండరు. ఆ బాలురలో నొక్కడైనను నాకొద్దన్నట్లు కవి వ్రాయలేదు. పిల్లలు చూచి తినెదరు. బిడ్డను టీవీ యెదుటనో, సెల్ఫోను చేతికిచ్చియో ఒంటరిగ కూర్చుండబెట్టి తినిపించినచో వాడు ఎవరిని చూచి నేర్వవలెను? షిఫ్టుకు పోయిన తండ్రి రాత్రి పదకొండింటికి వచ్చునెడల ఆయనకై పిల్లలను మేల్కొలిపి యుంచనక్కరలేదు; ఎనిమిదింటికి తల్లియే వారితో కూర్చుండవలెను.

ఇది చెప్పుట తేలిక, జరుగుట అరుదు. అందరికి వడ్డించి, అడుగున మిగిలినది తినుట మన తల్లుల వాడుక. పైని చెప్పిన సర్వేలోనే, తెలంగాణ స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత యున్నట్లు కలదు. బిడ్డ వంతు కారమునకు ముందు తీసినట్లే, తల్లి వంతును వడ్డనకు ముందే ఒక గిన్నెలో తీసి మూతపెట్టవలెను. ఆ పని ఇంటిలో మరియెవ్వరైనను చేయవచ్చును. అప్పటికిని పప్పు మిగిలినచో చల్లారగానే ఫ్రిజ్జులో పెట్టి, మరునాటి ఉదయము గోధుమపిండిలో కలిపి రొట్టెలు చేసి, బడికిపోవు బిడ్డ డబ్బాలో పెట్టవచ్చును.