పాలు... సేడం వెళ్తే ‘హాలు’!

వికారాబాద్‌లో వాడి వైపు వెళ్లే రైలెక్కండి. నాపరాళ్లకూ కందిపప్పుకూ పేరుపడ్డ తాండూరు దాకా పాలు పాలే. సరిహద్దు దాటి కర్ణాటకలోని సేడం చేరేసరికి అవే ‘హాలు’! పులి ‘హులి’, పొగ ‘హొగె’, పది ‘హత్తు’, పంది ‘హంది’... అటునుంచి తాండూరుకు కోడలిగా వచ్చిన అమ్మాయి నోట ఇలాంటి మాట జారితే, పలకడం రాక అలా అంటోందని నవ్వేవాళ్లుంటారు. నిజానికి దాని వెనక వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఒకప్పుడు కన్నడంలోనూ ఇవన్నీ ‘ప’తోనే మొదలయ్యేవి. తాండూరు మీదుగా పారే కాగ్నా నది వెంట దిగువకు వెళ్తే (అక్కడ దాన్ని కాగిణా అంటారు. నది పేరూ మారిందన్నమాట!) మల్ఖేడ్ వస్తుంది. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం అదే. 9వ శతాబ్దంలో వాళ్ల ఆస్థానంలో ‘కవిరాజమార్గం’ వెలువడేనాటికి కన్నడిగులకు పాలు ‘పాల్’. తర్వాతి శతాబ్దాల్లో మాట మొదట్లోని ‘ప’ మెల్లగా ‘హ’ అయింది. ఒకటీ అరా కాదు, వరసపెట్టి మారాయి. సంస్కృతం నుంచి నేరుగా తెచ్చుకున్న ‘పుస్తక’ లాంటివి మాత్రం ‘ప’ను వదల్లేదు.

తెలుగేం తక్కువ తినలేదు! మన చెవి కన్నడంలో ‘కివి’, చెరువు ‘కెరె’. ఇక్కడ పాత పలుకును దాచుకున్నది వాళ్లే. ‘కి’, ‘కె’లను ‘చి’, ‘చె’లుగా మార్చుకున్నది మనం.

యూరప్‌లోనూ అచ్చం ఇలాగే జరిగింది. రోమన్ల లాటిన్ నుంచే ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్ పుట్టాయి. లాటిన్‌లో పిండి ‘ఫరీనా’. ఇటలీలో ఇప్పటికీ అదే మాట. స్పెయిన్‌లో ‘హరీనా’ అయింది. ఆనక ఆ ‘హ’ కూడా నోట్లోంచి జారిపోయి రాతలోనే మిగిలింది. నూరును లాటిన్‌లో ‘కెంటుమ్’ అనేవారు. ఇటాలియన్లు ‘చెంతో’ అంటారు. కెరె, చెరువుల తంతే!

లాటిన్‌కు గ్రంథాలున్నాయి. ద్రావిడ భాషల తల్లి మాత్రం ఒక్క అక్షరమూ రాసిపెట్టలేదు. పిల్లల మాటలను పక్కపక్కన పెట్టి ఆమె పలుకును పోల్చుకోవాలి. ఆ పనిలో దిట్ట భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012). లిపులు ఒకేలా ఉండటంతో తెలుగు, కన్నడాలను కవలలనుకుంటాం. ఆయన లెక్క వేరు. కన్నడం తమిళం ఉన్న కొమ్మలోది. తెలుగుకు దగ్గరి చుట్టాలు గోండి, కువి. గోండులూ పాలను ‘పాల్’ అనే అంటారు.